పెట్టెకు వన్‌వే, మనుషులకు రిటర్న్: బ్రూక్‌వుడ్ సమాధుల తోటపై చర్చ

యాంకర్: నమస్కారం. లండన్‌కు నైరుతిన, వోకింగ్ పక్కన బ్రూక్‌వుడ్ అని ఒక సమాధుల తోట ఉంది. బ్రిటన్ మొత్తానికీ పెద్దది. స్టూడియోలో చరిత్ర లెక్చరర్ మేడం ఉన్నారు, పాత కట్టడాల మరమ్మతు చేసే ఆర్కిటెక్ట్ గారున్నారు. మూడో అతిథి వోకింగ్‌లో ఉండే మనవారే. వారమంతా సాఫ్ట్‌వేర్, ఆదివారం సమాధులు కడగడం. ఇంట్లో ఏమంటారు సార్?

వోకింగ్‌వాసి: మా అమ్మ మొదటిసారి ఫోన్ పెట్టేసిందండీ. రెండోసారి, "పోతే పోయావు, తలస్నానం చేసే లోపలికొచ్చావా?" అని అడిగింది. ఇప్పటికీ ప్రతి ఆదివారం అదే ప్రశ్న. చేస్తూనే ఉన్నాను. (నవ్వులు)

యాంకర్: మేడం, లండన్‌లో చచ్చిపోయినవాళ్లను అంత దూరం ఎందుకు తీసుకెళ్లాల్సొచ్చింది?

లెక్చరర్: చోటు లేకండీ. చర్చి ఆవరణలన్నీ నిండిపోయాయి. కొత్త గుంట తవ్వితే పాత ఎముకలు బయటపడేవి. 1848-49లో కలరా వచ్చి ఒక్క లండన్‌లోనే 14 వేల మందికి పైగా పోయారు. దాంతో 1852లో చట్టం చేసి ఊరి మధ్య శ్మశానాలను మూయించడం మొదలుపెట్టారు. అదే ఏడాది పార్లమెంటు ఇంకో చట్టంతో ఒక కంపెనీకి అనుమతిచ్చింది. పేరు లండన్ నెక్రోపొలిస్ కంపెనీ. నెక్రోపొలిస్ అంటే గ్రీకులో మృతుల నగరం. వోకింగ్ దగ్గర పనికిరాదనుకున్న బీడు భూమి దాదాపు 2 వేల ఎకరాలు కొన్నారు. అందులో 500 ఎకరాల్లో తోట వేసి 1854 నవంబరులో తెరిచారు. మొదట పూడ్చింది ఎవరో దొరను కాదు, పుట్టకముందే చనిపోయిన ఒక పేదింటి కవల బిడ్డల్ని.

యాంకర్: అంత దూరం శవాన్ని మోయడం...

లెక్చరర్: రైలు వేశారు! లండన్‌లో వాటర్లూ రైల్వే స్టేషన్ దగ్గర ఈ కంపెనీకి సొంత స్టేషన్. లోపల తోటలోకే పట్టాలు. ఉత్తరం స్టేషన్ ఇతర మతాలవాళ్లకూ, ఆంగ్లికన్ చర్చికి, అంటే ఇంగ్లండ్ అధికారిక చర్చికి, చెందని క్రైస్తవులకూ. దక్షిణం స్టేషన్ ఆంగ్లికన్లకు. బతికున్నవాళ్లకు మూడు తరగతులున్నట్టే శవపేటికలకూ మూడు తరగతులు. వెంట వెళ్లే మనిషికి థర్డ్ క్లాస్ రానూపోనూ 2 షిల్లింగులు. పెట్టెకు రెండున్నర షిల్లింగులు, వన్‌వే మాత్రమే. ఫస్ట్ క్లాసైతే మనిషికి 6 షిల్లింగులు, పెట్టెకు ఒక పౌండు, అంటే 20 షిల్లింగులు.

యాంకర్: పెట్టెలో ఉన్నవారికి ఫస్ట్ క్లాస్ తేడా ఏం తెలుస్తుంది మేడం?

లెక్చరర్: వెంట వెళ్లేవాళ్లకు తెలుస్తుంది కదా. పెట్టెను ఎత్తి దించేటప్పుడు మర్యాద, బోగీకి అలంకరణ. మన దగ్గర మాత్రం? బ్యాండు మేళంతో వెళ్లే శవమూ ఉంది, రిక్షా మీద వెళ్లే శవమూ ఉంది. ఇంకో ముచ్చట చెప్తాను. ఛార్జీలు చట్టంలోనే రాశారు కాబట్టి పెంచడానికి వీల్లేకపోయింది. మామూలు రైలు కంటే ఇదే చవకైంది. అక్కడికి గోల్ఫ్ ఆడటానికి వెళ్లేవాళ్లు నల్లబట్టలు వేసుకుని, చావుకు వెళ్తున్నట్టు నటించి ఈ రైలెక్కేవారని చెప్పుకుంటారు.

ఆర్కిటెక్ట్: అసలు దెబ్బ కూడా ఆ లెక్కల్లోనే ఉందండీ. ఏడాదికి 10 వేల నుంచి 50 వేల మందిని తీసుకొస్తామని కంపెనీ అంచనా. వచ్చింది సగటున 2,300. 1941 ఏప్రిల్‌లో జర్మన్ బాంబులు పడి లండన్ స్టేషన్ ధ్వంసమైంది, రైలు ఆగిపోయింది. అప్పటికి 87 ఏళ్లలో మొత్తం 2 లక్షల పైచిలుకు. మరి కంపెనీ బతికిందెట్లా? భూములమ్మి. జైలుకు అమ్మారు, పిచ్చాసుపత్రికి అమ్మారు, ఇళ్లకు అమ్మారు. ఇవాళ వోకింగ్ ఊళ్లో చాలా భాగం ఆ కంపెనీ అమ్మిన నేల మీదే ఉంది.

వోకింగ్‌వాసి: మా ఇల్లూ అందులోనే ఉందేమోనని మా అమ్మకు మాత్రం చెప్పకండి సార్.

ఆర్కిటెక్ట్: ఇంకొక తమాషా. 1878లో దహన సంస్కారాలు కావాలనే ఒక సంఘానికి కూడా స్థలం అమ్మారు. బ్రిటన్‌లో మొదటి క్రిమటోరియం అక్కడే కట్టారు, 1885లో మొదటి దహనం జరిగింది. తర్వాత తర్వాత ఆ దేశంలో ఎక్కువమంది దహనానికే మారిపోయారు. పూడ్చే వ్యాపారం చేసేవాడు తన పోటీదారుకు తనే చోటిచ్చాడు!

యాంకర్: మనవాళ్లెవరైనా ఉన్నారా అక్కడ?

వోకింగ్‌వాసి: పార్సీల భాగం ఉందండీ. జంషెడ్జీ టాటా 1904లో జర్మనీలో పోయారు, సమాధి బ్రూక్‌వుడ్‌లో. కోడలు మెహర్‌బాయి 1931లో పోయారు, ఆమెదీ అక్కడే. మరుసటేడు ఆమె సమాధి చూడటానికి బయల్దేరిన భర్త దొరాబ్జీ దారిలో జర్మనీలోనే కన్నుమూశారు. ఆయన్నీ తెచ్చి అక్కడే పెట్టారు. నాకు టాటా అంటే ఉప్పు ప్యాకెట్టు, లారీ. ఆ రాతి మండపం ముందు మొదటిసారి నిలబడినప్పుడు కాసేపు మాట రాలేదు.

లెక్చరర్: హైదరాబాదుకు ఇంకా దగ్గరి మనిషి ఒకరున్నారు. మార్మడ్యూక్ పిక్‌తాల్. ఇంగ్లిషాయన, ఇస్లాం తీసుకున్నారు. 1925లో నిజాం కొలువుకొచ్చి చాదర్‌ఘాట్ హైస్కూలుకు హెడ్‌మాస్టరుగా చేశారు. 1930లో వచ్చిన ఆయన ఖురాన్ ఇంగ్లిషు అనువాదం నిజాం అండతో పూర్తయిందే. 1935లో వెళ్లిపోయి, మరుసటేడు చనిపోయారు. బ్రూక్‌వుడ్ ముస్లిం విభాగంలో ఉన్నారు. చాదర్‌ఘాట్ వంతెన మీద రోజూ ట్రాఫిక్‌లో ఇరుక్కునేవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో!

యాంకర్: ఇప్పుడు అసలు విషయం. ఇంత పెద్ద చోటు చూసుకునేదెవరు?

ఆర్కిటెక్ట్: చేతులు మారుతూ వచ్చింది. 1985లో ఒక కుటుంబం కొన్నది, 2014 చివర్లో వోకింగ్ కౌన్సిల్ కొన్నది. చారిత్రక ఉద్యానాల్లో మొదటి గ్రేడు గుర్తింపు ఉంది. గుర్తింపుతో గడ్డి కోయలేం కదా! సమాధికి డబ్బు ఒక్కసారే కడతారు, గడ్డి ఏటా పెరుగుతుంది. వందేళ్ల కింద శాశ్వతంగా చూస్తామని పుచ్చుకున్న సొమ్ముకు ఇవాళ ఏం విలువ? మనవలు పోయాక అడిగేవాడుండడు.

లెక్చరర్: అందుకే ప్రభుత్వం పెట్టుకోవాలంటాను. చరిత్ర అందరిదీ.

ఆర్కిటెక్ట్: మీతో పూర్తిగా ఏకీభవించను మేడం. పన్ను కట్టేవాడు గుంతల రోడ్డు చూపించి, ముందు ఇది పూడ్చమంటాడు. కొత్తగా పూడ్చడం ఆగిన చోటు పాడుబడుతుంది. బ్రూక్‌వుడ్ నిలబడిందంటే ఇప్పటికీ రకరకాల మతాలవాళ్లు అక్కడికి తమవాళ్లను తెస్తున్నారు కాబట్టే. వచ్చే మనుషులుంటే దారి ఉంటుంది, దారి ఉంటే తుప్ప పెరగదు.

వోకింగ్‌వాసి: తుప్ప అంటే గుర్తొచ్చింది. రోడోడెండ్రాన్ అని ఊదారంగు పూల పొద ఉంటుంది. చూడ్డానికి బ్రహ్మాండం. వదిలేస్తే రాళ్లను మింగేస్తుంది. కొట్టేస్తే మొదలు నుంచి మళ్లీ లేస్తుంది. దాని పక్కనే 1850ల నాటి సెకోయా చెట్లు, ఆకాశమంత. బెరడు ఎంత మెత్తగా ఉంటుందంటే పిడికిలితో గుద్దినా నొప్పి తెలియదు, దూదిపరుపులా ఉంటుంది. మా అబ్బాయికి ఆ తోటలో నచ్చింది అదొక్కటే.

యాంకర్: రాయి కడగడం ఎలాగో చెప్పండి.

వోకింగ్‌వాసి: ముందు రాయి కదులుతోందేమో చేత్తో మెల్లగా నెట్టి చూస్తాం. కదిలితే వదిలేసి ఆఫీసుకు చెప్పాలి, మీద పడితే ప్రాణానికే ముప్పు. గట్టిగా ఉంటే ఉత్త నీళ్లు, మెత్తని బ్రష్. కింద నుంచి పైకి రుద్దాలి, లేకపోతే మురికి నీళ్లు చారలు కడతాయి. మొదటి వారం నేను బాత్‌రూమ్ క్లీనర్ సీసా పట్టుకెళ్లాను. మా టీమ్‌లో ఒక పెద్దావిడ అది లాక్కుని సంచిలో పెట్టుకుంది, ఇప్పటికీ తిరిగివ్వలేదు.

ఆర్కిటెక్ట్: మంచి పని చేసింది. యాసిడ్ తగిలితే పాలరాయి చక్కెరలా రాలిపోతుంది. ఇక్కడ మనం చేసేదీ తప్పే. నవంబరు 2న ఆత్మల పండుగకు సమాధుల తోటలన్నీ శుభ్రం చేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఆ ఆచారం గొప్పది, ఏడాదికోసారైనా మనిషి చెయ్యి పడుతుంది. కానీ పాత రాళ్లకు కూడా ఎనామిల్ పెయింటు కొట్టేస్తారు. లోపలి తేమ బయటికి పోలేక రాయి పొరలు పొరలుగా ఊడుతుంది, పేరు ముందు పోతుంది. సున్నం వేయండి, సున్నమైతే గాలాడుతుంది.

యాంకర్: టైమ్ అయిపోతోంది. చూడాలనుకునేవాళ్లు ఎలా వెళ్లాలి?

వోకింగ్‌వాసి: వాటర్లూలో మామూలు రైలెక్కి బ్రూక్‌వుడ్‌లో దిగండి. స్టేషన్ దక్షిణం గేటు దాటితే తోటే. పాత పట్టాలు పీకేశారు, ఆ దారి వెంట నడవొచ్చు. కొత్తవాళ్లు తప్పకుండా దారి తప్పుతారు, మ్యాప్ ఫోన్‌లో దింపుకోండి. వాన పడిన మర్నాడైతే మంచి బూట్లు వేసుకుని రండి, బురద చీలమండ దాకా ఉంటుంది.