జుకినీ వేపుడు నీళ్ళైపోతోంది ఆంటీ, ఏం చెయ్యాలి? (శనివారం వంటల ఫోన్-ఇన్)

యాంకర్: హలో హలో అందరికీ నమస్కారం అండీ, శనివారం ఫోన్-ఇన్‌కి వెల్‌కమ్. స్టూడియోలో మన వంటల ఆంటీ ఉన్నారు, ఇవాళ టాపిక్ జుకినీ, అదేనండీ కీరదోసలా పొడుగ్గా ఉండే కూరగాయ, ఎందుకంటే ఆగస్టు వచ్చిందంటే ఇక్కడ అమెరికాలో పెరట్లో రెండు మొక్కలేసిన వాళ్ళు కూడా కాయలు ఎవరికి అంటగట్టాలా అని తిరుగుతుంటారు కదా. ఆగస్టు 8న పక్కింటి గుమ్మంలో చెప్పకుండా జుకినీలు పెట్టేసి వచ్చే సరదా రోజు కూడా ఒకటుంది వీళ్ళకి. ఆ, ఫస్ట్ కాల్, చెప్పండమ్మా.

కాలర్ (డాలస్): నమస్తే ఆంటీ, మాక్కూడా పక్కింటావిడ ఇచ్చిందండీ సంచీడు. దొండకాయ వేపుడు ఎలా చేస్తామో అలాగే చేశా, తాలింపేసి ముక్కలేసి ఉప్పూ పసుపూ వేసి మూత పెట్టా, కాసేపయ్యాక తీస్తే మొత్తం నీళ్ళే. మావారు చూసి ఇది వేపుడా పులుసా అంటున్నారు.

ఆంటీ: (నవ్వు) మీవారి తప్పేం లేదమ్మా. మూతా, ముందేసిన ఉప్పూ, ఆ రెండే కొంప ముంచాయి. జుకినీలో నూటికి 95 పాళ్ళు నీళ్ళేనమ్మా, గుమ్మడి జాతి అది, మన సొరకాయకీ బీరకాయకీ చుట్టం. దొండకాయ గట్టిది కాబట్టి మగ్గడానికి మూత కావాలి. జుకినీకి ఉప్పు తగిలిన క్షణం నుంచి నీళ్ళు వదలడమే పని, పైన మూత పెడితే ఆ ఆవిరి ఎటూ పోలేక మళ్ళీ మూకుట్లోకే కారుతుంది, ఇంక వేగేదెక్కడ, ఉడుకుతుంది.

కాలర్ (డాలస్): మరైతే ఎలా ఆంటీ, ఉప్పు లేకుండానా?

ఆంటీ: ఉప్పు ఆఖర్న. చెప్తా రాసుకో. మీడియం కాయలు రెండు, అంటే సుమారు 400 గ్రాములు. కడిగి బట్టతో శుభ్రంగా తుడువు, తడి ఉండకూడదు. తొక్క తియ్యకు, ముక్క విడిపోకుండా పట్టుకునేది అదే. నిలువుగా రెండు చేసి అడ్డంగా అర్ధచంద్రాల్లా కొయ్యి, సెంటీమీటరు మందం ఉండాలి, పల్చగా కోశావంటే రంగొచ్చే లోపే చితికిపోతాయి. నీ దగ్గరున్న వాటిల్లో వెడల్పాటి పాన్ తీసి బాగా వేడెక్కనిచ్చి రెండు స్పూన్ల నూనె వేసి ముక్కల్ని ఒక్క వరసగా పరువు, ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు, పట్టకపోతే రెండు వాయిలు వెయ్యి. ఇంక మూడు నిమిషాలు గరిటె పెట్టకు.

యాంకర్: అదే కష్టం ఆంటీ మనకి, చెయ్యి ఊరుకోదు.

ఆంటీ: ఊరుకోవాలి మరి. అడుగు ఎర్రబడ్డాక తిప్పి ఇంకో రెండు నిమిషాలుంచి పళ్ళెంలోకి తీసెయ్. అదే పాన్‌లో ఇంకో స్పూను నూనెలో శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, ఎండుమిర్చి, నాలుగు వెల్లుల్లి రెబ్బలు చితక్కొట్టి, కరివేపాకు. తాలింపు వేగాక ముక్కలేసి పసుపు, కారం, ఉప్పు, ఓ రెండు స్పూన్ల పుట్నాలపప్పు పొడి చల్లి ఒక్కసారి ఎగరేసి స్టవ్ కట్టెయ్. మిగిలిన కాస్త తడీ ఆ పొడే పీల్చేస్తుంది.

యాంకర్: థాంక్యూ అమ్మా. నెక్స్ట్ కాలర్?

కాలర్ (న్యూజెర్సీ): హాయ్ ఆంటీ, నేను స్టూడెంట్‌ని, రూమ్‌లో ఒకటే నాన్‌స్టిక్ పాన్ ఉంది, మంట పెద్దగా పెడితే స్మోక్ అలారం మోగుతుంది, నలుగురం ఉంటాం, ఒకేసారి మొత్తం వేసేస్తే కుదరదా?

ఆంటీ: కుదరదు నాన్నా, అన్నీ కుమ్మరిస్తే పాన్ చల్లారిపోతుంది. ఇంకోటి, నాన్‌స్టిక్‌ని ఖాళీగా పెద్ద సెగ మీద కాల్చకూడదు, పై కోటింగ్ పాడవుతుంది, ముందే నూనె వేసి మీడియం కన్నా కాస్త ఎక్కువలో పెట్టు, ఎగ్జాస్ట్ ఆన్ చెయ్. మూడు వాయిలవుతాయి, కానియ్, ఈలోపు అన్నం కుక్కర్లో పడేస్తావుగా.

యాంకర్: హైదరాబాద్ నుంచి కాల్, అక్కడ రాత్రి బాగా పొద్దుపోయుంటుంది పాపం.

కాలర్ (హైదరాబాద్): అవునండీ. అక్కా, ఇక్కడ సూపర్‌మార్కెట్లో పచ్చవీ పసుపువీ రెండూ ఉంటున్నయ్, పిల్లలు వీడియోల్లో చూసి కొనమంటున్నరు, ఏవి తీసుకోవాలె?

ఆంటీ: రుచిలో పెద్ద తేడా లేదమ్మా, పసుపుది కాస్త తియ్యగా ఉంటుంది అంతే. సైజ్ చూసుకో, జానెడు లోపు, పట్టుకుంటే గట్టిగా, తొక్క నిగనిగలాడుతూ ఉండాలి. పెద్దవాటిలో గింజ ముదిరి లోపల బెండులా ఉంటుంది, అవి పప్పులోకో పచ్చట్లోకో పనికొస్తాయి, వేపుడికి కాదు. అయినా లేత బీరకాయ దొరికే ఊళ్ళో ఉండి దీనికి అంత డబ్బు పొయ్యడం నాకైతే నచ్చదు, పిల్లల సరదాకి ఒకసారి చెయ్, సరే.

కాలర్ (అట్లాంటా): ఆంటీ నమస్కారం. మా పెరట్లో పోయినేడు కాసిన కాయ గింజలే దాచి వేశాను, కాయలు బానే ఉన్నాయి కానీ ఒకటి కోసి రుచి చూస్తే చేదు. కాకరకాయకి చేసినట్టు ఉప్పేసి పిండి మజ్జిగలో నానబెడితే పోతుందా?

ఆంటీ: వద్దు! పారెయ్యి తల్లీ. కాకర చేదు వేరు, ఇది వేరు. ఇది కుకుర్బిటాసిన్ అనే విషం, ఉడికించినా వేయించినా పోదు. జర్మనీలో 2015లో పెరట్లో కాసిన చేదు జుకినీ కూర తిని ఒక పెద్దాయన చనిపోయారు. మన దేశంలో చేదు సొరకాయ జ్యూస్ తాగి ప్రాణం మీదకి తెచ్చుకున్నవాళ్ళు ఉన్నారు, అదీ ఇదే పదార్థం. ఎక్కువగా దాచిన గింజల్తోనే వస్తుంది ఈ తంటా, చుట్టుపక్కల అలంకారానికి పెంచే చేదు గుమ్మళ్ళ పుప్పొడి తేనెటీగలు మోసుకొచ్చి కలిపితే, మళ్ళీ ఏడు ఆ గింజకి చేదు కాయలు కాస్తాయి. ఆ మొక్క పీకెయ్యి. ఏ కాయైనా కోసేముందు చివర చిన్న ముక్క నాలిక్కి తగిలించి చూడు, చేదుంటే ఉమ్మేసి మొత్తం చెత్తలో వెయ్యి. తిన్నావా ఏమన్నా?

కాలర్ (అట్లాంటా): లేదాంటీ, ఉమ్మేశా.

ఆంటీ: హమ్మయ్య. తిన్నాక వాంతులూ విరేచనాలూ కడుపునొప్పీ వస్తే మటుకు ఇంట్లో కూర్చోకుండా ఎమర్జెన్సీకి వెళ్ళాలి, ఏం తిన్నారో డాక్టరుకి చెప్పాలి. వచ్చే ఏడు ప్యాకెట్ విత్తనాలు కొనుక్కో.

యాంకర్: టైమ్ అయిపోవచ్చింది, ఒక్క చిన్న ప్రశ్న, ఎవరండీ?

కాలర్ (డాలస్): నేనే ఆంటీ మళ్ళీ, సారీ. ఈ వేపుడు పొద్దున చేసి లంచ్ బాక్స్‌లో పెట్టొచ్చా?

ఆంటీ: పెట్టకు, మధ్యాహ్నానికి మెత్తబడిపోతుంది, పొయ్యి మీంచి కంచంలోకే బాగుంటుంది. మిగిలితే రాత్రికి అందులో రెండు గుడ్లు కొట్టి పొరటు చేసెయ్, మీవారు ఏమంటారో రేపు ఫోన్ చేసి చెప్పు.