పగ్గం వేసిన చక్రం

వేదిక మీది పెద్దలకు, తోటి అధ్యాపకులకు, ఎండను లెక్కచేయకుండా వచ్చిన ఇంటర్మీడియట్ విద్యార్థులకు నమస్కారం.

ఈ బల్ల మీద పరిచిన సరంజామా చూసి, మాస్టారు పాత ఇనుప సామాను కొట్టు పెట్టారా అని ఇందాక వెనక వరుసలో ఎవరో అన్నారు. వినబడింది. ఇందులో సగం అలాంటి కొట్టునుంచి తెచ్చిందే కాబట్టి కోపం రాలేదు. మూత తీసిన పాత కరెంటు మీటరు, పొలం మోటారు స్టార్టర్‌లోని కాయిల్, ఫ్యాను కండెన్సర్, క్లాంప్ మీటరు, మందపాటి అల్యూమినియం గొట్టం ఒకటి. ఈ రోజు మనకు ఇవి చాలు.

నా చిన్నప్పుడు మా ఇంటి వసారాలో ఇలాంటి మీటరే ఉండేది. అద్దం వెనక అల్యూమినియం చక్రం, దాని అంచున నల్లటి గుర్తు. ఒక నెల బిల్లు ఎక్కువగా వచ్చిందని మా నాన్నగారు ఇంట్లో దీపాలన్నీ ఆర్పించి, టార్చిలైటు వేసి మీటరు ముందు నిలబడ్డారు. చక్రం మెల్లగా పావు వంతు తిరిగింది. "చూశావా, ఏమీ వాడకపోయినా తిరుగుతోంది, ఇది దొంగ మీటరు" అని తేల్చేశారు. ఇంకో నిమిషం ఓపిక పట్టి ఉంటే తీర్పు మారేది. ఎందుకో చివర్లో చెబుతాను.

ముందు ఒక ప్రశ్న. అల్యూమినియాన్ని అయస్కాంతం లాగదు. మరి అల్యూమినియం చక్రాన్ని తిప్పుతున్నది ఎవరు?

1824లో ఫ్రాన్సులో అరాగో అనే శాస్త్రవేత్త ఇలాంటి వింతనే చూశాడు. రాగి పలకను గిరగిర తిప్పితే, దానిపైన వేలాడుతున్న అయస్కాంత సూచి కూడా వెంటబడి తిరిగింది. రాగికీ అయస్కాంతానికీ ఏమిటి చుట్టరికం? 1831లో ఫారడే విద్యుదయస్కాంత ప్రేరణను కనుక్కునేదాకా జవాబు దొరకలేదు. లోహానికి ఎదురుగా అయస్కాంత క్షేత్రం మారుతుంటే ఆ లోహంలో కరెంటు పుడుతుంది. నీటిలో సుడుల్లా అక్కడికక్కడే తిరిగే ఆ కరెంటును మన పుస్తకాల్లో ఎడ్డీ ప్రవాహాలు అంటారు. తమను పుట్టించిన మార్పును అవి అడ్డుకుంటాయి.

ఇదిగో చూడండి. ఈ గొట్టంలోకి ఒక గులకరాయి వేస్తున్నాను. టక్కున కింద పడింది. ఇప్పుడు ఈ చిన్న అయస్కాంతం. ఒకటి, రెండు... ఇంకా రాలేదు. ఇదిగో, ఇప్పుడొచ్చింది. గొట్టం గోడను తాకి ఆగలేదు. పడుతున్న వేగమే దానికి పగ్గమైంది. ఎంత వేగంగా పడబోతే అంత గట్టిగా వెనక్కి లాగింది. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే మీటరు సగం అర్థమైనట్టే.

మిగతా సగానికి మీటరులోకి చూడండి. చక్రానికి పైన ఒక కాయిల్, కింద ఒక కాయిల్. సన్నని తీగతో వేల చుట్లు చుట్టినది వోల్టేజి కాయిల్. కొద్ది చుట్లే ఉన్న లావు తీగ కరెంటు కాయిల్. మీ ఇంటి ఫ్యానూ ఫ్రిజ్జూ తాగే కరెంటంతా దీని గుండానే పోవాలి. చుట్లు ఎక్కువ కావడం వల్ల వోల్టేజి కాయిల్ అయస్కాంత క్షేత్రం కొంచెం వెనకబడి వస్తుంది. ఒకటి ముందు, ఇంకొకటి తర్వాత. ఉయ్యాలను ఇద్దరు వంతులవారీగా తోసినట్టు, ఈ రెండూ కలిసి చక్రాన్ని ఒక వైపుకి నెడతాయి. ఆ నెట్టుడు బలం మీరు ఆ క్షణంలో వాడుతున్న వాట్లకు సమానుపాతంలో ఉంటుంది.

ఇక్కడే అసలు చిక్కు. నెట్టేవాడు మాత్రమే ఉండి ఆపేవాడు లేకపోతే, చిన్న బల్బు వేసినా చక్రం వేగం పుంజుకుంటూనే పోతుంది. ఎంత వాడారో దాని పరుగు చూసి చెప్పలేం. అందుకే పక్కన ఈ గుర్రపు నాడా ఆకారపు శాశ్వత అయస్కాంతం. చక్రం దీని నోట్లోంచి తిరుగుతుంది. గొట్టంలో జరిగిందే ఇక్కడా: వేగం రెట్టింపైతే పగ్గం రెట్టింపు. నెట్టుడూ పగ్గమూ సరితూగిన చోట వేగం స్థిరపడుతుంది. ఇప్పుడు వేగం అంటే వాట్లు, తిరిగిన చుట్ల మొత్తం అంటే యూనిట్లు. నన్నడిగితే మీటరులో గొప్ప భాగం తిప్పే కాయిల్ కాదు, ఈ పగ్గమే. ఈ అయస్కాంతం బలహీనపడితే చక్రం తేలిగ్గా పరుగెత్తి బిల్లు పెరుగుతుంది.

ఇంతకు ముందు ఎడిసన్ మీటరులో చక్రమే లేదు. జింకు పలకల్ని ద్రావణంలో ముంచి, కరెంటు పోయాక పలక బరువు ఎంత మారిందో తూచి బిల్లు రాసేవారు. కరెంటు బిల్లుకు తక్కెడ పట్టుకున్నారన్నమాట! దిశ మార్చుకుంటూ పోయే ఏసీ కరెంటు వచ్చాక ఆ పద్ధతి కుదరలేదు. 1888లో అమెరికాలో షాలెన్‌బర్గర్ అనే ఇంజనీరు ఒక దీపాన్ని పరీక్షిస్తుండగా అందులో ఊడిపడిన స్ప్రింగు తనంతట తానే తిరగడం గమనించాడు. దాన్నుంచే ఏసీ మీటరు చేశాడు. మరుసటి ఏడు బుడాపెస్ట్‌లో బ్లాతీ అనే ఇంజనీరు, వాడిన యూనిట్లు లెక్కకట్టే వాట్-అవర్ మీటరుకు పేటెంటు తీసుకున్నాడు.

ఇప్పుడు తలెత్తి పైకి చూడండి. ఆ ఫ్యాను కూడా మీటరుకు తోబుట్టువే. తిరిగే భాగానికి ఏ తీగా కలపలేదు. అందులోనూ ప్రేరిత ప్రవాహాలే. ఫ్యానులోని రెండు వైండింగులూ, అంటే తీగ చుట్టలూ, వంతులవారీగా నెట్టాలంటే వాటి మధ్య తేడా తేవాలి. ఆ పని ఈ కండెన్సర్‌ది. ఫ్యాను మందగించిందంటే ఎలక్ట్రీషియన్ మొదట దీన్నే మారుస్తాడు. కొత్తగా వస్తున్న బీఎల్‌డీసీ ఫ్యాన్ల సంగతి వేరు, వాటిలో శాశ్వత అయస్కాంతాలే తిరుగుతాయి.

మీ ప్రయోగశాలలో చిన్న కరెంటును ముల్లుతో చూపే గాల్వనోమీటరుకు ఇంకో రకం పగ్గం. అందులో తిరిగే కాయిల్‌ని సన్నని స్ప్రింగు పట్టి ఉంచుతుంది. స్ప్రింగు వేగాన్ని చూడదు, కోణాన్ని చూస్తుంది. ఎంత తిరిగితే అంత లాగుతుంది. అందుకే ముల్లు ఒక చోట నిలుస్తుంది, మీటరు చక్రం తిరుగుతూనే ఉంటుంది. ముల్లు ఊగిసలాడకుండా కాయిల్‌ని అల్యూమినియం చట్రం మీద చుడతారు. మళ్ళీ మన ఎడ్డీ ప్రవాహాలే!

రైతుల ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళకు ఈ కాయిల్ తెలుసు. స్టార్టర్‌లో పచ్చ బొత్తాం నొక్కగానే ఇది అయస్కాంతమై ఇనుప ముక్కను లాగి పట్టుకుంటుంది, మోటారుకు లైను కలుస్తుంది. బొత్తాం వదిలినా పట్టు వదలదు. కరెంటు పోతే మాత్రం వదిలేస్తుంది. ఇదొక లోపమని చాలామంది అనుకుని, కరెంటు రాగానే మోటారును తనంతట తానే వేసే ఆటో స్టార్టర్లు పెట్టించుకున్నారు, రాత్రివేళ కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని రోజుల్లో వాళ్ళను తప్పుపట్టలేం. కానీ మోటారు మొదలయ్యేటప్పుడు మామూలుకంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. ఊళ్ళో మోటార్లన్నీ ఒకే క్షణాన లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకోలేదు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని రైతులను కోరింది ఇందుకూ, బోర్లలో నీళ్ళు అడుగంటకుండా ఉండేందుకూ.

ఇక క్లాంప్ మీటరు. తీగను తెంపకుండా, తాకకుండా, దాని చుట్టూ ఈ దవడ బిగిస్తే లోపలి కరెంటు చెబుతుంది. నా దగ్గర చేరిన కొత్తవాళ్ళు ఒక పొరపాటు చేసేవారు: ఫేజూ న్యూట్రలూ రెండు తీగలనూ దవడలో పెట్టి, మీటరు సున్నా చూపిస్తే పాడైపోయిందనేవారు. వెళ్ళే కరెంటు క్షేత్రాన్ని తిరిగొచ్చే కరెంటు క్షేత్రం కొట్టేస్తుంది, సున్నాయే రావాలి. ఈ సున్నా మీద ఆధారపడే పరికరం ఒకటి మీ ఇంటి స్విచ్ బోర్డు దగ్గర ఉండి ఉండవచ్చు. దాని పేరు ఆర్‌సీసీబీ, కరెంటు లీకైతే లైను తెంపే స్విచ్చు. అందులో రెండు తీగలూ ఒకే ఇనుప వలయంలోంచి పోతాయి. తడి చేత్తో గీజరు ముట్టుకున్న మనిషి గుండా కొంత కరెంటు నేలలోకి పోతే లెక్క సున్నా కాదు. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేలోపే లైను తెగిపోతుంది. మీ ఇంట్లో అది లేకపోతే ఇంటికెళ్ళి పెట్టించమనండి, ఫ్యాను కంటే ముందు.

కొత్త మీటర్లలో చక్రం లేదు. ఎర్ర దీపం మిణుకుతుంది, లోపల చిప్పు లెక్కకడుతుంది. అయినా కరెంటును కొలవడానికి చిన్న ట్రాన్స్‌ఫార్మర్ గానీ, మాంగనిన్ అనే మిశ్రలోహపు పట్టీ గానీ ఉండాల్సిందే. పాత మీటరుకు బయట అయస్కాంతం అంటిస్తే చక్రం నెమ్మదిస్తుందని కొందరు పండితులు కనిపెట్టారు. ఫిజిక్సు సరైనదే, చేసిన పని 2003 విద్యుత్ చట్టం 135వ సెక్షన్ కింద దొంగతనం. కొత్త మీటర్లలో చాలావరకు అయస్కాంతం దగ్గరికొస్తే గుర్తించి, తేదీ సమయంతో సహా రాసి పెట్టుకుంటాయి.

మా నాన్నగారి మీటరు దగ్గరకు వద్దాం. కరెంటు కాయిల్ ఖాళీగా ఉన్నా, వోల్టేజి కాయిల్ మాత్రం ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది. దానివల్ల చక్రం కొంచెం పాకవచ్చు. అందుకే ఇక్కడ, చక్రంలో ఎదురెదురుగా రెండు రంధ్రాలు చూడండి. రంధ్రం వోల్టేజి కాయిల్ కిందకు రాగానే ఎడ్డీ ప్రవాహాల దారి తెగి చక్రం అక్కడే ఆగిపోతుంది. ఆ రాత్రి మేము చూసిన పావు చుట్టు అదే. తర్వాత ఆగిందో లేదో చూడకుండానే టార్చి ఆర్పేశారు.

ఈ మీటరు మీద యూనిట్‌కు 1200 చుట్లు అని రాసి ఉంది. కిలోవాట్ ఇస్త్రీ పెట్టె పెడితే మూడు సెకన్లకో చుట్టు. నేను 60 వాట్ల బల్బు కలుపుతున్నాను. లెక్క ప్రకారం నల్ల గుర్తు మళ్ళీ 50 సెకన్లకు కనబడాలి. ఎవరి దగ్గరైనా సెకన్ల ముల్లున్న గడియారం ఉంటే ముందుకు రండి. సిద్ధమేనా? గుర్తు ఇప్పుడు దాటింది, లెక్కపెట్టండి.