గులాబీ అభ్రకం, దానిలోని టూర్మలిన్

అధ్యక్షులకు, పెద్దలకు, రాళ్ల మీద ప్రేమతో వచ్చిన మీ అందరికీ నమస్కారం. ఈ రాయిని ఎలా కాపాడుకోవాలో చెప్పమని నిర్వాహకులు కోరారు. చెబుతాను. కాని నేను పిలవగానే ఒప్పుకున్నది మరొక మాట కోసం.

ఈ పళ్లెంలోని రాయి కాలిఫోర్నియాలోని పాలా గనులది. ఊదా కలిసిన లేత గులాబీ రంగులో తళుక్కుమంటున్నది లెపిడోలైట్ అనే అభ్రకం. అందులో కడ్డీల్లా దిగిన ముదురు గులాబీ రంగుది టూర్మలిన్ అనే రత్నం. గూడూరు అభ్రకం చేత్తో విప్పినవారికి ఈ పొరల తీరు కొత్త కాదు. మనది మస్కొవైట్ రకం, ఇది లిథియం అనే లోహం కలిసిన అభ్రకం. 1861లో జర్మన్ శాస్త్రవేత్తలు బున్సెన్, కిర్కాఫ్ రుబీడియం మూలకాన్ని పట్టుకున్నది లెపిడోలైట్‌లోనే. పాలా ప్రాంతపు గులాబీ టూర్మలిన్ అంటే చైనా రాజమాత సీషీకి చెప్పలేనంత మోజు. 1911 విప్లవంతో ఆ గిరాకీ కూలింది.

ఇక జాగ్రత్తలు. మోస్ కొలమానంలో టూర్మలిన్ కాఠిన్యం ఏడు దాటుతుంది, అభ్రకానిది మూడు దగ్గరే. సానపడితే అభ్రకం ముందే అరిగి, టూర్మలిన్ గట్టులా పైకి తేలుతుంది. పొరలు రాలకుండా చాలా రాళ్లకు జిగురు పట్టిస్తారు, కాబట్టి గోళ్ల రంగు తుడిచే అసిటోన్ తాకనివ్వకండి. ఉంగరానికి వద్దు, లాకెట్టుకు మేలు. మెత్తని బ్రష్‌తో దులిపి, తడిగుడ్డతో తుడిచి, వెంటనే ఆరబెట్టండి. కంపనాలతో శుభ్రం చేసే అల్ట్రాసోనిక్ యంత్రం, ఆవిరి, ఉప్పునీళ్లు వద్దే వద్దు, నీళ్లలో నానబెట్టనూ వద్దు. దీపం కింద పెడితే దుమ్ము ఎక్కువ పడుతుందని కొందరు అంటారు. నిజమే, వేడెక్కిన టూర్మలిన్‌లో విద్యుదావేశం పుట్టి దుమ్మును లాగుతుంది.

నానబెట్టవద్దన్నాను కదా, అక్కడే నా బాధ. ఈ రాయి నానిన నీళ్లు తాగితే, మెడలో వేసుకుంటే లిథియం ఒంట్లోకి చేరి మనసు కుదుటపడుతుందని కార్డులు అచ్చువేసి అమ్ముతున్నారు. మా బంధువుల అబ్బాయి ఒకడు అతి ఉత్సాహం, కుంగుబాటు మారిమారి వచ్చే బైపోలార్ జబ్బుకు లిథియం మాత్రలు వాడేవాడు. ఒక దుకాణంలో ఆ మాట నమ్మి మాత్రలు మానేశాడు. ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. వాళ్ల అమ్మ నా చెయ్యి పట్టుకుని, "రాయిలో లిథియం ఉందన్నది అబద్ధమా అన్నయ్యా?" అని అడిగింది. అబద్ధం కాదమ్మా. ఉంది. సిలికేట్ పొరల మధ్య బిగిసి ఉంది. చర్మం గుండా ఒంట్లోకి రాదు. 1948లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ రోగులకు ఇచ్చింది లిథియం లవణాలు, రాళ్లు కావు. మేలు చేసే మోతాదుకు, విషమయ్యే మోతాదుకు దూరం చాలా తక్కువ. అందుకే ఆ మాత్రలు వాడేవారికి రక్తపరీక్షలు చేస్తూ ఉంటారు. మాత్ర మానాలన్నా, తగ్గించాలన్నా డాక్టరే చెప్పాలి.

పెట్టెలో దాచే పద్ధతి కూడా చెప్పాలనుకున్నాను. ఒక్క ముక్కలో, గట్టి రాళ్లతో కలపకుండా మెత్తని గుడ్డలో విడిగా పెట్టండి, చాలు.

ఈ సభలో అమ్మేవారు ఉన్నారు, నాకు తెలుసు. దండం పెట్టి అడుగుతున్నాను, ఆ కార్డు మీద వైద్యం మాట కొట్టేయండి. రాయి ఏ గనిదో, దానికి జిగురు పట్టించారో లేదో రాయండి. కొనేవారు ఆ రెండూ అడిగి తెలుసుకోండి, చెప్పకపోతే కొనకండి.