మీ మొక్క ఫోటో అబద్ధం చెప్తోంది! నిజం సామర్లకోట బొమ్మల్లో ఉంది

నమస్కారమండీ. పోయిన వీడియోలో నేనొక్క మాటన్నాను. మొక్క ఏంటో తెలియాలంటే ఫోటో కన్నా చేత్తో గీసిన బొమ్మే నయం అన్నాను. అంతే, కెమెరా ఉన్న ప్రతివాడూ నా మీద పడ్డాడు. "అన్నా, నీ ఫోన్ పాడైందా" అని ఒకరు. "200 మెగాపిక్సెళ్ల కాలంలో ఈ కుంచె గోలేంటి బాబాయ్" అని ఇంకొకరు. ఒకాయనైతే తను తీసిన మందారం ఫోటో పంపించి "దీన్ని ఇలా గీసి చూపించు చూద్దాం" అన్నాడు. బాగుందండీ మీ మందారం. ఎర్రగా నిగనిగలాడుతోంది. మరి ఆకు ఏదీ? కాడ ఏదీ? వెనకాలంతా పచ్చటి మసక. దాన్నే పోర్ట్రెయిట్ మోడ్ అని మురిసిపోతున్నారు. మొక్కలో ముప్పావు వంతు చెరిపేసి, మిగిలిన పావు వంతుకి లైకులు అడుగుతున్నారు!

కాబట్టి నేను తగ్గట్లేదు. ఇంకాస్త గట్టిగానే చెప్తున్నాను. మొక్క ఫోటో అబద్ధం చెప్తుంది. బొమ్మ నిజం చెప్తుంది. ఆ నిజం చెప్పే పనిని 230 ఏళ్ల కిందట మన సామర్లకోటలో, మనవాళ్లే, ఎవరికీ తీసిపోకుండా చేసి చూపించారు.

ముందు కడియం సంగతి చూద్దాం. డిసెంబరు చివర్లో కడియపులంక వైపు వెళ్లండి. నర్సరీల్లో కుండీలు పేర్చి హ్యాపీ న్యూ ఇయర్ అని అక్షరాలు రాస్తారు. దాని ముందు కార్లు ఆగుతాయి. ప్రీ వెడ్డింగ్ జంటలు దిగుతాయి. బంతి మడి మధ్యలో అమ్మాయి, పైన డ్రోను, పక్కన రంగు పొగ. పైపు పట్టుకుని నీళ్లు పెడుతున్న పెద్దాయన్నేమో "కొంచెం పక్కకి జరగండి, ఫ్రేములోకి వస్తున్నారు" అంటారు. ఆ మడి పెంచిందే ఆయన!

అక్కడే చిన్న కుండీల్లో ఒక కాక్టస్ అమ్ముతారు, చూసే ఉంటారు. కింద పచ్చటి కాండం, పైన ఎర్రటి బుర్ర. మూన్ కాక్టస్. రీల్స్‌లో దాన్ని ఎడారి పువ్వు అని పెడుతున్నారు. అది పువ్వు కాదు. అసలు ఒక్క మొక్కే కాదు. పైనున్నది జిమ్నోకాలిసియం అనే కాక్టస్‌లో రంగు మారి పుట్టిన రకం. దానికి పత్రహరితం లేదు, అంటే తన తిండి తను చేసుకోలేదు. కిందున్నది డ్రాగన్ ఫ్రూట్ కుటుంబంలోని కాండం. రెండూ కోసి అంటు కట్టారు. జపాన్‌లో 1940ల్లో మొదలైన పని ఇది. కిందది వండి పెడుతుంది, పైది కూర్చుని తింటుంది. మరి మీ ఫోటోలో ఏం కనపడుతోంది? ఎర్ర బుర్ర. ఎందుకంటే పైనుంచే తీస్తారు కదా! అదే గీసేవాడనుకోండి, మెడ దగ్గర ఆగిపోతాడు. కింద మూడు అంచులున్న కాండం, పైన ఎనిమిది దాకా గట్లున్న బుర్ర, ఈ రెండూ ఒక్కటెలా అయ్యాయి అని బుర్ర గోక్కుంటాడు. ఆ గీత ఎక్కడ కలపాలో తెలిస్తే గానీ చెయ్యి కదలదు. బటన్ నొక్కేవాడికి ఆ బాధే లేదు.

ఇంకో ఘోరం ఉంది. ఎండుపూలని వేడి జిగురుతో కాక్టస్ నెత్తిన అంటించి అమ్మే కళ. ఇది అమెరికా దుకాణాల్లో ఎప్పటి నుంచో ఉంది. అలాంటి కుండీ ఒకటి నాకూ అంటగట్టారు, ఎక్కడో చెప్పను. ఎన్నాళ్లు చూసినా పువ్వు వాడదే! గోటితో గిల్లితే జిగురు ముద్దతో సహా ఊడొచ్చింది. కింద చర్మం గోధుమరంగుకి తిరిగి, ముళ్లు జిగురులో ఇరుక్కుని ఉన్నాయి. ఆ కుండీ ఫోటోకి వచ్చినన్ని లైకులు నా ఛానెల్లో దేనికీ రాలేదండీ. దొంగపువ్వుకి జనం హారతి పట్టారు.

ఇక జెముళ్లు. కాక్టస్ అని ట్యాగ్ పెట్టి మా గట్టు మీద బొంతజెముడుని సూర్యాస్తమయంలో తీస్తారు. అది కాక్టస్ కాదండీ బాబూ, యుఫోర్బియా అనే వేరే జాతి. గిల్లితే పాలు కారతాయి, కంట్లో పడితే ఆసుపత్రికే. నాగజెముడు మాత్రం అసలైన కాక్టస్, అమెరికా ఖండం నుంచి వచ్చి మన దగ్గర స్థిరపడింది. తేడా కావాలంటే ముల్లు మొదలు చూడాలి. కాక్టస్ ముళ్లు నూగు ఉన్న చిన్న బుడిపె మీంచి గుత్తిగా లేస్తాయి, దాన్నే ఏరియోల్ అంటారు. బొంతజెముడుకి ఆ నూగు బుడిపె ఉండదు, ముళ్లు జంటలుగా ఉంటాయి. సూర్యాస్తమయం ఫోటోలో రెండూ నల్లగా ఒకేలా ఉంటాయి. కానీ సాయంత్రం, ఎర్రటి ఆకాశం, వెనకాల ఫ్లూట్ మ్యూజిక్. ఏం చేస్తాం!

నాగజెముడు అన్నాను కాబట్టి ఒక ముచ్చట చెప్పే ముందుకెళ్తాను. ఈ జాతి మొక్కల మీద బతికే కోచినీల్ పురుగు నుంచి ఎర్ర రంగు తీస్తారు. దాని మీద ఈస్టిండియా కంపెనీకి ఆశ పుట్టింది. 1795లో నీల్సన్ అనే కెప్టెన్ బ్రెజిల్ నుంచి పురుగుల్ని కలకత్తాకి పట్టుకొచ్చాడు. తీరా చూస్తే వచ్చింది నాసిరకం. రంగు వ్యాపారం నడవలేదు గానీ, పురుగు మాత్రం ఊళ్లల్లో జెముడు కంచెల్ని ఊడ్చిపెట్టేసింది. ఆ పురుగుల్ని కలకత్తాలో కంపెనీ మొక్కల తోటలో అందుకున్నదెవరో తెలుసా? విలియం రాక్స్‌బర్గ్. అక్కడికి వెళ్లక ముందు మన సామర్లకోటలో ఉన్నాయనే.

స్కాట్లాండ్ డాక్టరు. 1781లో సామర్లకోటకి వచ్చాడు, 1793లో కలకత్తా వెళ్లాడు. ఇక్కడ తోట వేసి మిరియాలు, కాఫీ, దాల్చినచెక్క, ఏది పడితే అది పెట్టి చూశాడు. 1787 మే నెలలో కోరంగి ఉప్పెనకి అతని పుస్తకాలు, ఎండబెట్టి దాచిన మొక్కలు అన్నీ పోయాయి. మళ్లీ మొదలుపెట్టాడు. మనవాళ్లని కూర్చోబెట్టి మొక్క తర్వాత మొక్క గీయించాడు. వాటిల్లోంచి లండన్‌లో జోసెఫ్ బ్యాంక్స్ అనే వృక్ష శాస్త్రవేత్త 300 బొమ్మలు ఏరితే, 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా అచ్చయ్యాయి. కోరమాండల్ తీరపు మొక్కలు అని దాని పేరు. మన తెలుగు పేర్లు కూడా అందులో ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నాయి. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, ఇవాళే చూడండి. "మలబారులో డచ్చివాళ్లు 1678లోనే ఇలాంటి పుస్తకం వేశారుగా" అని ఎవరో ఒకరు అంటారు, తెలుసు. అది మలయాళీల గొప్ప, వాళ్ల ఛానెల్లో చెప్పుకుంటారు.

ఇప్పుడు మోదుగ చెట్టు తీసుకోండి. పూత మీదున్నప్పుడు దానికి ఆకు ఉండదు, మోడు మీద మంట పెట్టినట్టు పూస్తుంది. కాయ వచ్చేసరికి పువ్వు ఉండదు. మీరు ఎంత ఖరీదైన లెన్సు పెట్టినా ఆ రోజు చెట్టు మీద ఏముందో అదే వస్తుంది. గీసేవాడు ఫాల్గుణంలో పువ్వు గీస్తాడు, కాగితం దాచిపెడతాడు, ఆకు వచ్చాక ఆకు వేస్తాడు, కాయ ఎండాక కాయ వేస్తాడు. కింద మూలన పువ్వుని విప్పి కేసరాలు, అండాశయం విడివిడిగా పెద్దవి చేసి పెడతాడు. ఒక్క కాగితం మీద ఏడాది మొత్తం! ఏ షట్టర్ స్పీడులో వస్తుందండీ ఇది?

పైగా మండే విషయం ఇంకోటుంది. మోదుగకి శాస్త్రీయ నామం బ్యూటియా. ఎవరి పేరు అది? బ్యూట్ అనే బ్రిటిష్ ప్రభువుది. ఆయన ఎండలో మోదుగ చెట్టు కింద ఎప్పుడైనా నిలబడ్డాడా? చెట్టుకి ప్రభువు పేరు, పుస్తకానికి డాక్టరు పేరు, అచ్చు కోసం రాగిరేకు చెక్కిన లండన్ పనివాడు మెకెంజీ పేరు కూడా చరిత్రలో ఉంది. ఎదురుగా కొమ్మ పెట్టుకుని గీసిన మనిషి పేరు మాత్రం ఆ బొమ్మల మీద లేదు. రాక్స్‌బర్గ్ గీయించినవి అన్నీ కలిపి 2,500 పైచిలుకు. ఒక జత కలకత్తాలో ఉంది, ఇంకో జత లండన్‌లో క్యూ గార్డెన్స్ అనే మొక్కల తోటలో ఉంది. సామర్లకోటలో ఏముంది? భీమేశ్వరాలయం ఉంది, రైల్వే జంక్షన్ ఉంది. ఈ బొమ్మల గురించి ఒక్క బోర్డన్నా నా కంట పడలేదు.

ఇక్కడ నా థియరీ. తిట్టుకున్నా సరే, దీన్ని నేను వదలను. ఆ గీసినవాళ్లు కలంకారీ వాళ్లే! ఎందుకంటారా? ఈ తీరం బతికిందే బట్టల మీద పూలు వేసి. మచిలీపట్నం అద్దకం ఓడలెక్కింది. నరసాపురం పక్కన మాధవాయపాలెంలో, ఇటు ఇంజరంలో కంపెనీకి బట్టల కొఠీలు ఉండేవి. కలంకారీ పనివాడు ఏం చేస్తాడు? ముందు వెదురు కలంతో నల్ల గీత గీస్తాడు, ఆ తర్వాత గీత లోపల రంగు నింపుతాడు. ఆ సంపుటాల్లో బొమ్మలు చూడండి, గీత ముందు, రంగు తర్వాత. ఇంకా వినండి. అద్దకానికి ఎర్ర రంగు ఇచ్చేది చిరివేరు, సముద్రపు ఒడ్డు ఇసకలో పెరిగే చిన్న మొక్క. ఆ చిరివేరు బొమ్మ కూడా ఆ మొదటి సంపుటంలోనే ఉంది. ఆ వేరుని ఉడకబెట్టిన ఇంట్లోవాడే దాన్ని గీశాడని నేనంటాను. కాదనేవాళ్లు కలంకారీ ఊరు పెడన వెళ్లి ఒక పూట కూర్చుని రండి, అప్పుడు మాట్లాడుకుందాం.

"మరి పురుగుల్ని తినే మొక్కల సంగతేంటి, వాటికి వీడియోనే కావాలి కదా" అని ఒక తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్న. మీరనుకునేది వీనస్ ఫ్లైట్రాప్, అమెరికాలో కరోలినా రాష్ట్రాల మొక్క. చప్పున మూసుకుంటుంది, రీలుకి బాగుంటుంది. కానీ పురుగుల్ని తినే మొక్క మీ చేను పక్కన బోదెలోనే ఉంది, మీరు దాన్ని తొక్కుకుంటూ వెళ్తున్నారు. యుట్రిక్యులేరియా. నీళ్ల పైన సన్న కాడ మీద పసుప్పచ్చ పువ్వులు. ఫోటో తీస్తే అంతే, ఇంకో పచ్చపువ్వు. అసలు కథ నీళ్ల కింద ఉంది. దారాల్లాంటి ఆకులకి ఆవగింజంత, అంతకన్నా చిన్న సంచులు వేలాడుతుంటాయి. సంచి తన లోపలి నీళ్లు బయటికి తోడేసి డొక్కలు లోపలికి పీక్కుని కాచుకుని ఉంటుంది. నీటిపురుగు వచ్చి గుమ్మం దగ్గరున్న వెంట్రుకని తాకిందా, తలుపు లోపలికి తెరుచుకుంటుంది, నీళ్లతో సహా పురుగు లోపలికి లాగబడుతుంది. సెకనులో వెయ్యో వంతు కూడా పట్టదు! ఇది కడుపు అని 1875 ప్రాంతంలో డార్విన్, అమెరికా శాస్త్రవేత్త మేరీ ట్రీట్ లాంటివాళ్లు తేల్చారు. ఇప్పుడు చెప్పండి, బోదెలో బురద నీళ్లలో మీ ఫోన్ ముంచుతారా? దోసిట్లోకి తీస్తే ఆ దారాలన్నీ కలిసి ఒక ముద్దైపోతాయి. తెల్ల పళ్లెంలో నీళ్లు పోసి, దారాలు విడదీసి, భూతద్దం పెట్టి, ఒక సంచిని పెద్దది చేసి, దాని తలుపు, దాని వెంట్రుకలు గీస్తేనే ఆ మొక్క ఏం చేస్తోందో తెలుస్తుంది.

అందరు ఫోటోగ్రాఫర్లనీ అనట్లేదులెండి. కార్ల్ బ్లాస్‌ఫెల్ట్ అని జర్మనీలో ఒక మాస్టారు ఉండేవాడు, సొంతంగా తయారు చేసుకున్న కెమెరాతో మొగ్గల్ని, తీగల్ని 30 రెట్ల దాకా పెద్దవి చేసి తీశాడు. 1928లో పుస్తకం వచ్చి ఊగిపోయారు జనం. ఆయనకి దండం పెడతాను. ఎందుకంటే ఆయన బ్లర్ చేయలేదు, గ్లిజరిన్ కొట్టి మంచు బిందువులు అనలేదు, బొమ్మలేయడం నేర్చుకునే పిల్లల కోసం తీశాడు. చూశారా, అక్కడ కూడా బొమ్మే! ఇప్పుడు మాక్రో వాళ్లు, అంటే చిన్నవాటిని బాగా దగ్గరగా తీసేవాళ్లు, ఫోకస్ స్టాకింగ్ అంటారు. ఒకే పువ్వుని పదులకొద్దీ ఫోటోలు తీసి, ఒక్కోదాంట్లో స్పష్టంగా ఉన్న ముక్క ఏరి, కంప్యూటర్లో అతికిస్తారు. అంటే ఏంటి? ఒక్క ఫోటో చాలట్లేదని మీరే ఒప్పుకున్నట్టు కాదా?

ఇక ఏఐ వచ్చాక పిల్లి మొహం ఉన్న పువ్వు, నీలం రంగు పొద్దుతిరుగుడు, వాటి విత్తనాలంటూ ఆన్‌లైన్‌లో పొట్లాలు. "ఫోటో ఉందిగా అన్నా, నిజమే అయ్యుంటుంది" అని కొనేవాళ్లున్నారు. ఫోటో ఉందిగా! ఆ మాటకే నాకు టెన్షన్ వచ్చేది.

సరే, తిట్టేవాళ్లు కింద తిట్టండి, కాదనను. ఒక్క షరతు. మీ పెరట్లో డిసెంబరం పువ్వు ఫోటో తీసి, దాంతో పాటు పెట్టి తిట్టండి. అదే పువ్వుని ఇంట్లో ఇంకొకరి ఫోన్‌తో కూడా తీసి పెట్టండి. ఆ ఊదా రంగు రెండిట్లోనూ ఒకేలా వస్తే వచ్చే వీడియోలో మీ పేరు చదువుతాను.