సోమశిల ఒడ్డున గుడారం వేసే ముందు నీటిమట్టం చూడండి

[దృశ్యం: తెల్లవారుజాము. గుడారం ముందు నీళ్లు. వాటిలో ఒక చెప్పు తేలుతోంది.]

ఆ చెప్పు నాదే. రెండోది దొరకలేదు. రాత్రి పడుకునేటప్పుడు నీళ్లు మా గుడారానికి ముప్పై అడుగుల దూరంలో ఉన్నాయి. వాన పడలేదు, గాలి కూడా లేదు. తెల్లారేసరికి గుడారాన్ని తాకుతున్నాయి.

[దృశ్యం: పటం. కొల్లాపూర్ నుంచి సోమశిలకు గీత.]

కొల్లాపూర్ నుంచి సోమశిల సుమారు పది కిలోమీటర్లు. ఒకప్పటి మహబూబ్‌నగర్, ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లా. ఎదురుగా నల్లమల కొండలు, వెనక ఊరు, మధ్యలో కంటికి ఆననంత కృష్ణ. చూసినవాళ్లు సరస్సు అంటారు గానీ, ఇవి శ్రీశైలం జలాశయం వెనుక జలాలు. ఆనకట్ట ఇక్కడికి కనిపించదు, ఎంతో దిగువన ఉంది. అయినా ఈ ఒడ్డు ఈ రోజు ఎక్కడ ఉండాలో తేల్చేది అదే.

జలాశయం పూర్తి నీటిమట్టం సముద్రమట్టం నుంచి 885 అడుగులు. వేసవిలో బాగా దిగిపోతుంది. జులై, ఆగస్టుల్లో ఎగువన జూరాల ఆనకట్ట గేట్లు ఎత్తితే కృష్ణ నీళ్లు, సుంకేసుల బ్యారేజీ నుంచి తుంగభద్ర నీళ్లు కలిసి దిగుతాయి. లక్ష క్యూసెక్కులు, అంటే సెకనుకు లక్ష ఘనపుటడుగులు, ఒక రోజంతా వస్తే దాదాపు 8.6 టీఎంసీలు (860 కోట్ల ఘనపుటడుగులు). ఇక్కడ చినుకు పడనక్కర్లేదు, కర్ణాటకలో కురిస్తే చాలు.

[దృశ్యం: ఇసుకలో పుల్లతో గీసిన వాలు.]

ఒడ్డు ఇరవై అడుగులకు ఒక అడుగు చొప్పున వాలుగా ఉందనుకోండి. నీటిమట్టం అడుగున్నర పెరిగితే నీళ్లు ముప్పై అడుగులు ముందుకొస్తాయి. నా చెప్పు లెక్క అక్కడే తేలింది.

అందుకే వరద రోజుల్లో ఒడ్డున గుడారం వద్దు. పర్యాటక శాఖ కాటేజీలు గట్టు మీద ఉన్నాయి, వాటిలో ఉండండి. నన్నడిగితే నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. అప్పుడు నీళ్లు మెల్లగా వెనక్కి తగ్గుతుంటాయి. ఒక్కటే చిక్కు: వదిలి వెళ్లిన చోట పైన ఎండిన పెచ్చు, కింద మోకాలి లోతు ఒండ్రు. నీళ్లు తెచ్చుకోవడానికి బిందెతో వెళ్లి, బిందె వదిలేసి వచ్చినవాళ్లు ఉన్నారు.

[దృశ్యం: ఏప్రిల్. నెర్రెలిచ్చిన ఒండ్రు నేల, దూరంగా సన్నటి నీటి గీత.]

నీళ్లు ఇంకా దిగితే చూడవలసింది కొండలను కాదు, కాళ్ల కింద నేలను. పెంకుల ముక్కలు, గోడల పునాదులు కనిపిస్తాయి. ఒకచోట రోలు సగం కూరుకుపోయి కనిపించింది. దాని గుంతలో ఒండ్రు నిండి గట్టిపడింది, ఆ ఒండ్రు మీద పిట్ట కాలి గుర్తులు. ఎవరో రోజూ పచ్చడి నూరిన రోలు అది.

1980ల మొదట్లో జలాశయం నిండటంతో ఈ తీరంలో ఊళ్లకు ఊళ్లు మునిగాయి. గుళ్లను మాత్రం కొన్నిచోట్ల తరలించగలిగారు: రాళ్లకు అంకెలు వేసి, విప్పి, మరోచోట అదే వరుసలో పేర్చడం. కూడవెల్లి సంగమేశ్వరాలయం అలాగే అలంపురం చేరింది. జటప్రోలు మదనగోపాలస్వామి గుడీ అంతే. ఇళ్లకు అంకెలు వేసి మోసుకుపోయేవాళ్లు ఎవరూ లేరు. నిర్వాసిత కుటుంబాలకు ఉద్యోగాల కోసం 1986లో జీవో 98 వచ్చింది. కొల్లాపూర్ వైపు ఈ అంకె ఎత్తితే ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. ఇక్కడి పెద్దవాళ్లను పాత ఊరు ఎక్కడని అడిగి చూడండి. చెయ్యి నీళ్ల వైపు చూపిస్తుంది.

[దృశ్యం: పడవ మీద నుంచి అవతలి ఒడ్డు.]

అవతల నంద్యాల జిల్లాలో సంగమేశ్వరం. అక్కడ శివలింగం రాతిది కాదు, వేప మొద్దు. కృష్ణ, వేణి, తుంగ, భద్ర, భీమ, మలాపహారిణి, భవనాశిని ఏడూ కలిసే చోటని పేరు. ఏడాదిలో ఎక్కువ నెలలు గుడి నీళ్లలోనే ఉంటుంది. వేసవిలో నీళ్లు దిగాక బయటపడితే పూజలు మొదలవుతాయి, వరద వస్తే మళ్లీ గంగపాలు. దాన్ని చూడాలంటే ఎండకు సిద్ధపడాలి, ఒడ్డున చెట్టు నీడ కూడా దొరకదు.

పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ వేసుకోండి, ఫొటో కోసం విప్పకండి. 2007 జనవరిలో ఇదే నదిలో, సింగోటం జాతర రోజుల్లో, పడవ మునిగి అరవై మందికి పైగా చనిపోయారు. జనం ఎక్కువైతే తర్వాతి పడవకు ఆగండి.

నల్లమలలో అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఉంది. అటవీ శాఖ అనుమతి లేకుండా అడవి వైపు గుడారం వేయడం, నిప్పు రాజేయడం కుదరదు. భోజనానికి చింత లేదు. పొద్దున్నే పుట్టిలో వల తీసి వచ్చేవాళ్ల దగ్గర బొచ్చె, రవ్వ చేపలు కొనుక్కోవచ్చు. వేలెడంత చేప పిల్లలు కుప్పగా కనిపిస్తే అవి సన్న కళ్ల అలివి వలలో పడ్డవి. ఆ వల నిషిద్ధం. వాటిని కొనకండి.

[దృశ్యం: సాయంత్రం. నీటి అంచున నాటిన కర్ర.]

చివరిగా, చెప్పు పోగొట్టుకున్నాక ఒక జాలరి నేర్పిన పని. పొద్దు గూకే వేళ సరిగ్గా నీటి అంచున ఒక కర్ర పాతండి. అన్నం తిన్నాక టార్చి వేసి చూడండి. కర్ర పొడి నేల మీద ఉంటే పడుకోండి. కర్ర చుట్టూ నీళ్లు ఉంటే, నిద్ర వచ్చినా సరే, గుడారం విప్పి గట్టెక్కండి.