రెడాక్సైడ్ కొడితే తుప్పు చస్తుందా? ఇంటి దగ్గరే పికప్‌కు రంగు

(చేతిలో బత్తాయి. వెనక తెల్ల పికప్, తలుపు కింది అంచున రంగు ఉబ్బి ఉంది.)

ఈ పండు చూడండి. పైకి నిగనిగలాడుతోంది కదా? తొడిమ పక్కన మాత్రం గోరు దిగినంత గాటు. కోస్తున్నా... లోపల సగం పోయింది. నల్గొండ వాళ్లకు బత్తాయి గురించి నేను చెప్పాలా! కానీ బండి దగ్గరికి వచ్చేసరికి ఈ సంగతే మర్చిపోతాం.

"అన్నా, తుప్పు మీద రెడాక్సైడ్ ఒక కోటు కొడితే చచ్చిపోతది కదా?" ఇది విని విని నాకు విసుగొచ్చింది. చావదు. రెడాక్సైడ్ అంటే రంగుకు ముందు పూసే ఎర్ర ప్రైమర్. అసలు ఆ డబ్బాలోని ఎర్ర పొడి ఏంటో తెలుసా? ఐరన్ ఆక్సైడ్. అంటే తుప్పుకు చుట్టమే! తుప్పును అడ్డుకునేది ఆ ఎరుపు కాదు, అందులో కలిపే జింక్ ఫాస్ఫేట్ లాంటి మందు. చవక డబ్బాల్లో అదీ ఉండకపోవచ్చు, డబ్బా మీద చదివి కొనండి. ఆ మందు శుభ్రమైన ఇనుముకు తగలాలి. పొరలు లేచిన తుప్పు మీద పూస్తే, కుళ్లిన బత్తాయికి మైనం రుద్ది మార్కెట్‌కు పంపినట్టే.

ఇంకోటి. "మనకు సముద్రం లేదు, ఇంత తుప్పేంటి?" అంటారు. మరి మీ బండిలో ఏం వేస్తున్నారు? పొటాష్ బస్తాలు. పొటాష్ అంటే పొటాషియం క్లోరైడ్. సముద్రపు ఉప్పులో ఇనుమును తినేది ఏ క్లోరైడో, ఇందులోనూ అదే. బస్తా చినిగి గుప్పెడు మూలకు చేరుతుంది, పైన వాన పడుతుంది. పశువుల ఎరువు తోలి కడగకుండా వదిలేసినా ఇదే గతి. మనం సముద్రాన్ని బస్తాల్లో తెచ్చుకుంటున్నాం.

సరే, పని. ఇనుము తుప్పుగా మారితే రెండింతలకు మించి చోటు కావాలి, అందుకే రంగును పైకి నెడుతుంది. బుడగ రూపాయి బిళ్లంత కనబడితే కింద తుప్పు అంతకంటే వెడల్పు ఉంటుందని లెక్క. గ్రైండర్‌కు వైర్ బ్రష్ పెట్టి గీకండి. కళ్లద్దాలు తప్పనిసరి, ఆ తీగలు ఊడి సూదుల్లా ఎగురుతాయి. కుళ్లిన తొన తీశాక పక్క తొన కూడా చూస్తాం కదా? అలాగే మెరిసే ఇనుము కనబడ్డాక ఇంకో అంగుళం గీకండి.

స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. ఖంగుమంటే మంచిది. మెత్తగా దిగితే రేకు పోయినట్టు, అది వెల్డింగ్ పని. చిల్లులో గుడ్డ కుక్కి పైన లప్పం పెట్టే మహానుభావులున్నారు! లప్పం తడి పీలుస్తుంది. ఒక్క వానాకాలం, అంతే.

గుంతల్లో నల్లగా మిగిలిన తుప్పుకు ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ కన్వర్టర్, అంటే తుప్పును గట్టి పొరగా మార్చే మందు, రాయండి, చేతికి గ్లౌజులు వేసుకుని. ఆరాక థిన్నర్ గుడ్డతో తుడవండి, ఇక చేత్తో ముట్టకండి. చెమటలో ఉప్పుంది. ప్రైమర్ అదే రోజు వేయాలి, వట్టి ఇనుము తెల్లారేసరికి మళ్లీ ఎర్రబడుతుంది.

ఇక్కడ నేను చేసిన తెలివితక్కువ పని చెప్తా. ప్రైమర్ వేసి, రంగు తీరిగ్గా వేద్దామని మూడు వారాలు బయట పెట్టాను. మధ్యలో రెండు వానలు. మొత్తం గీకి మళ్లీ మొదలుపెట్టాను. ప్రైమర్ నీళ్లను ఆపదు, పైన రంగు ఉండాల్సిందే.

రంగు విషయంలో నా మాట: సాదా సింథటిక్ ఎనామెల్, ఫోమ్ రోలర్, రెండు మూడు పల్చటి కోట్లు. ఇది వడ్లు మోసే బండి, పెళ్లి కారు కాదు. షెడ్డులో 28,000 అడిగారు, నాకు 7,000 లోపే అయింది. హార్డ్‌నర్ కలిపే టూకే రంగు మాత్రం ఇంట్లో గన్‌తో కొట్టకండి. అందులోని ఐసోసైనేట్ ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది, మూతికి కట్టిన రుమాలు దాన్ని ఆపదు. మే నెలలో రేకు పెనంలా కాలుతుంది, రంగు పరుచుకోకముందే ఆరిపోతుంది. వానలు వెనక్కి తగ్గాక, పొద్దున మంచు ఆరాక మొదలుపెట్టండి.

బ్యాటరీ ఎర్రగా చూపిస్తోంది, గబగబా చెప్తా. బండి అడుగున పూసే నల్లటి అండర్‌కోటింగ్ కూడా శుభ్రం చేసిన ఇనుము మీదే, లేకపోతే తడిని లోపల బంధించినట్టు. సైలెన్సర్‌కు, బ్రేకులకు పూయొద్దు. కాలిన ఇంజిన్ ఆయిల్ కొట్టకండి, రబ్బరు బుష్‌లు పాడవుతాయి, నేలా పాడవుతుంది. తలుపు లోపలికి మైనం స్ప్రే చేయండి. ఇప్పుడు మైనం సరే, పండు మంచిది కాబట్టి! తలుపు కింద చిన్న రంధ్రాలుంటాయి, నీళ్లు పోయే దారులు, వాటిని మూయకండి.

చాసిస్ నంబర్ మీద టేపు వేయండి. బండికి 8 ఏళ్లు దాటితే ఏటా ఫిట్‌నెస్ పరీక్ష, అక్కడ నంబర్ కనబడకపోతే మళ్లీ గీకాలి. రంగు ఆర్సీలో ఉన్నదే వేయండి, మార్చాలంటే ముందు ఆర్టీఏ ఆఫీసుకు వెళ్లాలి. రిఫ్లెక్టర్ టేపు మళ్లీ అంటించడం మ...

(వీడియో ఆగిపోతుంది.)