డబ్బా వెనక రెండక్షరాలు

శ్రోతలకు నమస్కారం. మా బావమరిది కారు సర్వీసు చేయించాక ఓ లీటరు ఇంజన్ ఆయిల్ మిగిలింది. "ఇంత ఖరీదైన ఆయిలు, ఊరికే పోతుంది బావా" అంటూ దాన్ని తన మోటార్‌సైకిల్లో పోయించాడు. పది రోజులు బండి హాయిగా తిరిగింది. ఆ తరవాత నన్ను వెనక కూర్చోబెట్టుకుని సింహాచలం కొండెక్కుతుంటే బయటపడింది అసలు సంగతి. రేస్ ఇస్తే ఇంజన్ గీపెడుతోంది, బండి మాత్రం లాగదు. కాస్సేపు చూసి, నేను దిగి నడిచాను.

ఇంజన్ శక్తిని గేర్లకి అందించే క్లచ్ జారుతోందన్నమాట. మామూలు గేర్ల కారులో క్లచ్ పొడిగా ఉంటుంది, ఇంజన్ ఆయిల్ దాన్ని తాకదు. గేర్‌బాక్సుకు వేరే ఆయిల్. మోటార్‌సైకిల్లో అలాకాదు. చాలా బళ్లలో ఒకే ఆయిల్ పిస్టన్ దగ్గరా, గేర్లలోనూ, క్లచ్ ప్లేట్ల మధ్యా తిరుగుతుంది. పిస్టన్‌కి జారుడు కావాలి, ప్లేట్లకి పట్టు కావాలి. పాత బుల్లెట్‌కి ఈ గొడవ లేదు లెండి, దాని గేర్‌బాక్స్ వేరు, క్లచ్ ఉండే గదిలో ఆయిలూ వేరే.

మైలేజీ కోసం కొన్ని కారు ఆయిళ్లలో, ముఖ్యంగా 5డబ్ల్యూ-30 లాంటి పలచటి రకాల్లో, మాలిబ్డినం వంటి రాపిడి తగ్గించే పదార్థాలు కలుపుతారు. కారుకి మంచిదే. అవే క్లచ్ ప్లేట్లకి పడితే పట్టు సడలుతుంది. దానికి తోడు బైకు ఆయిల్ గేర్ల పళ్ల మధ్య నలుగుతుంది, దాని చిక్కదనాన్ని కాపాడే పాలిమర్లు తెగి త్వరగా పలచబడుతుంది.

అందుకే జపాన్ వాళ్ల వాహన ప్రమాణాల సంస్థ జాసో 1998లో మోటార్‌సైకిల్ ఆయిళ్లకి ఓ ప్రమాణం పెట్టింది. డబ్బా వెనక జాసో ఎంఏ అని ఉంటే తడి క్లచ్‌కి, అంటే ఆయిల్లో మునిగి ఉండే క్లచ్‌కి, సరిపడ్డట్టు. ఎంఏ2 అయితే పట్టు ఇంకా ఎక్కువ. ఎంబీ అని ఉన్నది మాత్రం గేర్లు లేని స్కూటర్లకి, వాటి క్లచ్ ఆయిల్లో మునగదు కాబట్టి. డబ్బా మీద బండి బొమ్మ చూసి ఎంబీ కొని మోటార్‌సైకిల్లో పోస్తే మళ్లీ అదే తంటా. కారు ఆయిలన్నీ చెడ్డవని నేననను. ఎంఏ గుర్తున్న డీజిల్ ఇంజన్ ఆయిళ్లు కూడా ఉన్నాయి. నేను చూసేది బొమ్మనీ ధరనీ కాదు, ఆ అక్షరాల్నే.

మా బావమరిది ఆ ఆయిల్ తీయించి ఎంఏ2 పోయించాడు. జారుడు తగ్గిందిగానీ పూర్తిగా పోలేదు. వారం తిరిగాక మళ్లీ మార్పిస్తే అప్పుడు పట్టింది క్లచ్.